సివిలైజేషన్ 6లో క్యాంపస్‌కి 20 టర్న్‌లు చూపిస్తుంటే

సివిలైజేషన్ 6 అనే స్ట్రాటజీ వీడియో గేమ్‌లో 100వ టర్న్‌కి (ఆటలో వంతు) మూడే నగరాలు ఉన్నాయని, క్యాంపస్ (సైన్స్ ఇచ్చే డిస్ట్రిక్ట్) కట్టడానికి 20 టర్న్‌లు చూపిస్తోందని ఒకరు అడిగారు. డిస్ట్రిక్ట్‌లు (నగరానికి చెందిన టైల్ మీద కట్టే ప్రత్యేక ప్రాంతాలు) ఆలస్యంగా పెట్టడమే అసలు కారణం. టెక్నాలజీలు, సివిక్‌లు (కల్చర్‌తో వచ్చే ఆవిష్కరణలు) వచ్చేకొద్దీ డిస్ట్రిక్ట్ ఖరీదు పెరుగుతూనే ఉంటుంది.

చాలామంది గమనించని సంగతి: టైల్ (మ్యాప్‌లోని గడి) మీద డిస్ట్రిక్ట్‌ని పెట్టగానే దాని ఖరీదు అక్కడితో ఆగిపోతుంది. అప్పుడే కట్టేయాల్సిన పని లేదు.

1. రైటింగ్ టెక్నాలజీ రాగానే ప్రతి నగరంలో క్యాంపస్ చోటు ఎంచుకుని పెట్టేయండి. పర్వతాల పక్కన అయితే మరీ మంచిది, ఒక్కోదానికి +1 సైన్స్.

2. అడవి ఉన్న టైల్ అయితే ముందు బిల్డర్‌తో (పనివాళ్ల యూనిట్) నరికించండి. నేరుగా డిస్ట్రిక్ట్ పెడితే అడవి పోతుంది, నరికితే వచ్చే ప్రొడక్షన్ (కట్టడానికి వాడే పాయింట్లు) మాత్రం రాదు. కొత్తవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే.

3. పెట్టాక ప్రొడక్షన్‌ని సెట్లర్‌కి (కొత్త నగరం స్థాపించే యూనిట్) మార్చండి. నగర జనాభా కనీసం 2 ఉండాలి, సెట్లర్ తయారయ్యాక ఒకటి తగ్గుతుంది. ఎర్లీ ఎంపైర్ సివిక్‌తో వచ్చే కాలనైజేషన్ పాలసీ కార్డు వేస్తే సెట్లర్లకు 50% అదనపు ప్రొడక్షన్ వస్తుంది.

4. జనాభా 4 అయితే రెండో డిస్ట్రిక్ట్, 7 అయితే మూడోది. అప్పుడూ ఇలాగే ముందు చోటు పెట్టేసుకోండి.

నగరాలు పెరిగేదాకా వండర్ల (ప్రపంచ అద్భుత కట్టడాలు) జోలికి వెళ్లకండి.