సర్జరీకి ‘ఇనాడిక్వేట్’ వచ్చిందంటే?
పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు: ఇంగ్లండ్‌లో జీపీ సర్జరీల (మామూలు జబ్బులు చూసే ఫ్యామిలీ డాక్టర్ల క్లినిక్కుల) తనిఖీ

ప్ర: మా సర్జరీకి సీక్యూసీ (వైద్య సేవలను తనిఖీ చేసే కేర్ క్వాలిటీ కమిషన్) ‘ఇనాడిక్వేట్’, అంటే అన్నిటికన్నా కింది రేటింగ్ ఇచ్చింది. మా డాక్టరుగారు మాత్రం ఎంతో ఓపికగా చూస్తారు. వెంటనే వేరేచోటికి మారిపోవాలా?
– ఒక పాఠకురాలు, లెస్టర్

జ: ముందు నివేదిక పూర్తిగా చదవండి, మారడం సంగతి తర్వాత. కేర్ క్వాలిటీ కమిషన్ చూసేది సర్జరీ నడిచే తీరు. డాక్టరుగారి హస్తవాసికి అందులో వేరే మార్కులేమీ ఉండవు. వాళ్లు అడిగే ప్రశ్నలు ఐదు: రోగికి భద్రత ఉందా, వైద్యం ఫలితమిస్తోందా, ఆదరణగా చూస్తున్నారా, అవసరానికి అందుతున్నారా, నిర్వహణ గట్టిగా ఉందా. ఒక్కోదానికీ విడిగా రేటింగ్, అన్నిటికీ కలిపి ఒకటి. మీ డాక్టరుగారి ఓపిక మూడో ప్రశ్నలో కనిపిస్తుంది. దానికి ‘గుడ్’ వచ్చి, భద్రత, నిర్వహణ రెండూ దెబ్బతిని మొత్తం కిందికి పడిపోవడం మామూలే.

నివేదికలో లోపాలు ఏ రకానివో చూడండి. అగ్నిమాపక తనిఖీ ఆలస్యమైంది, సిబ్బంది ఫైళ్లలో డీబీఎస్ (నేరచరిత్ర తనిఖీ) పత్రాలు లేవు, ఆక్సిజన్ సిలిండరు దగ్గర పిల్లల మాస్కు లేదు లాంటివి ముఖ్యమైనవే, కానీ వారాల్లో సరిదిద్దగలిగినవి. ఆస్పత్రి ఉత్తరాలు, రక్తపరీక్షల ఫలితాలు ఎవరూ చూడకుండా పేరుకుపోయాయని రాసి ఉంటే మాత్రం అది నేరుగా మీకు తగిలే విషయం. ఫోన్ చేసి, మీ పేరు మీద పెండింగ్ ఫలితాలేమైనా ఉన్నాయా అని అడగండి.

‘ఇనాడిక్వేట్’ వచ్చిన సర్జరీని సాధారణంగా స్పెషల్ మెజర్స్‌లో (ప్రత్యేక పర్యవేక్షణలో) పెట్టి, దాదాపు 6 నెలల్లో మళ్లీ తనిఖీ చేస్తారు. సర్జరీ తెరిచే ఉంటుంది. మెరుగుదల లేకపోతే రిజిస్ట్రేషన్ రద్దుదాకా వెళ్లవచ్చు. అంతలో మీరు మారాలనుకుంటే పాత సర్జరీ అనుమతి అక్కర్లేదు. కొత్తచోట చిరునామా రుజువు లేదని రిజిస్ట్రేషన్ నిరాకరించకూడదు. రోజూ వాడే మందులుంటే, రిపీట్ ప్రిస్క్రిప్షన్ (ప్రతిసారీ డాక్టరును కలవకుండా అవే మందులు మళ్లీ తీసుకునే చీటీ) చేతికొచ్చాకే మారండి. రికార్డులు కంప్యూటర్లో వచ్చేసినా, కొత్త డాక్టరు ఆ మందులన్నీ చూసి ఒప్పుకోవడానికి టైం పడుతుంది.

ప్ర: ఇన్‌స్పెక్టర్లు ఒక్కరోజు వచ్చి వెళ్లిపోతారు. అంతలో వైద్యం బాగుందో లేదో ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకుడు, రెడింగ్

జ: అసలు పని గోడల మధ్య కాదు, ఎమిస్, సిస్టమ్‌వన్ లాంటి రికార్డుల సాఫ్ట్‌వేర్‌లో జరుగుతుంది. బృందంలో ఒక జీపీ సలహాదారు ఉంటారు. ఆయన ముందే సిద్ధం చేసి పెట్టుకున్న సెర్చ్‌లను సర్జరీ డేటా మీద నడిపి, బయటపడ్డ పేర్లలోంచి కొన్ని రికార్డులు తెరిచి చదువుతారు. తనిఖీ మొత్తంలో మాకు అత్యంత విలువైనదిగా అనిపించే భాగం ఇదే.

ఏం వెతుకుతారంటే, మొదట ప్రమాదకరమైన మందులు. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవాలి. మోతాదు కుదిరాక కూడా దాదాపు 3 నెలలకోసారి రక్తం, కాలేయం, కిడ్నీ పరీక్షలుండాలి. చాలాచోట్ల తప్పు ఎక్కడ జరుగుతుందంటే, పరీక్ష ఆస్పత్రిలో చేస్తారు, మందు సర్జరీ రాస్తుంది, ఫలితం ఎవరూ తెరవరు. సంతకం పెట్టే డాక్టరే ఫలితం చూసి రాయాలన్నది నియమం.

తర్వాత దాగిపోయిన జబ్బులు. హెచ్‌బీఏ1సీ (రక్తంలో సగటు చక్కెర చెప్పే పరీక్ష) 48 mmol/mol లేదా అంతకు మించి వచ్చినా, రికార్డులో ‘డయాబెటిస్’ కోడ్ (జబ్బును సూచించే కంప్యూటర్ గుర్తు) వేయకపోతే ఆ మనిషికి పాదాల పరీక్షకు గానీ కంటి పరీక్షకు గానీ పిలుపు రాదు. ఉబ్బసంలో, ఏడాదిలో 12కు మించి నీలం ఇన్‌హేలర్లు (ఆయాసం వచ్చినప్పుడు వెంటనే ఉపశమనానికి పీల్చేవి) తీసుకున్నవాళ్ల పేర్లు లాగుతారు. అన్ని ఇన్‌హేలర్లు ఖర్చవుతున్నాయంటే జబ్బు అదుపులో లేనట్టే. రిపీట్‌లో వెళ్లిపోతుంటే ఎవరికీ తెలియదు.

మందుల మీద వచ్చిన భద్రతా హెచ్చరికలను పాటిస్తున్నారా అన్నది కూడా చూస్తారు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్, కడుపులో యాసిడ్ తగ్గించే ఒమెప్రజోల్ కలిపి రాస్తే మొదటిది శరీరంలో పనిచేసే రూపానికి మారడం తగ్గుతుంది. 65 దాటినవాళ్లకు డిప్రెషన్ మందు సిటలోప్రామ్ రోజుకు 20 మిల్లీగ్రాములు మించితే గుండె లయకు ముప్పు. హెచ్చరిక వచ్చిన నెలలో పేషెంట్లందరినీ సరిచేసి, ఆ తర్వాత కొత్తగా చేరినవాళ్లకు వెతకడం మానేయడం తరచూ దొరికే లోపం.

ఇంకొకటి, ‘మెడికేషన్ రివ్యూ చేశాం’ అన్న కోడ్. తెరిచి చూస్తే కోడ్ తప్ప ఒక్క ముక్క ఉండదు. ఏ మందు గురించి మాట్లాడారు, ఏ పరీక్ష బాకీ ఉంది, ఏమీ ఉండదు. దాన్ని రివ్యూ అనడానికి వీల్లేదు.

ఇందులో మీరు ఇంట్లో కూర్చుని చేయగలిగింది చాలా ఉంది. ఎన్‌హెచ్‌ఎస్ యాప్‌లో మీ పరీక్షల తేదీలు చూసుకోండి. థైరాక్సిన్ వాడేవాళ్లకు ఏడాదికోసారి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష), రామిప్రిల్, లోసార్టన్ లాంటి బీపీ మందులు వాడేవాళ్లకు కనీసం ఏడాదికోసారి కిడ్నీ పరీక్ష, పొటాషియం ఉండాలి. తేదీ దాటితే పిలుపు కోసం ఎదురుచూడక మీరే అడగండి.

ప్ర: టీకాల ఫ్రిజ్ 8 డిగ్రీలు దాటిందని, ఏమీ చర్య తీసుకోలేదని నివేదికలో ఉంది. మా పాపకు అక్కడే టీకాలు వేయించాం. పనిచేస్తాయా?
– ఒక తల్లి, మిల్టన్ కీన్స్

జ: ఎంతసేపు, ఎన్ని డిగ్రీలు అన్నదాన్ని బట్టి ఉంటుంది. టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. స్టాక్ సర్దేటప్పుడు కొద్ది నిమిషాలు 8 దాటడం వేరు, శుక్రవారం సాయంత్రం ప్లగ్ ఊడిపోయి సోమవారందాకా ఎవరూ చూడకపోవడం వేరు. వేడికి టీకా బలం మెల్లగా తగ్గుతుంది. గడ్డకట్టడం ఇంకా చెడ్డది: అల్యూమినియం లవణాలున్న టీకాలు, అంటే పిల్లల సిక్స్‌-ఇన్‌-వన్ (ఆరు జబ్బులకు ఒకే సూది) లాంటివి, ఒక్కసారి గడ్డకడితే పాడైపోతాయి, కరిగించినా బాగుపడవు, కంటితో చూసి తెలుసుకోలేం. అందుకే సున్నాకు దిగిన రీడింగ్ 9 కన్నా భయపెట్టాలి.

పద్ధతి ఇది: పనిదినం ప్రతిరోజూ కనీసం ఒకసారి ప్రస్తుత, కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రతలు మూడూ రాసి, థర్మామీటరు రీసెట్ చేయాలి. రీసెట్ మరిచిపోతే పాత గరిష్ఠం అలాగే నిలబడిపోయి, రోజూ అదే అంకె రాస్తూ పోతారు. రిజిస్టరులో వారాల తరబడి ఒకే అంకె కనిపిస్తే ఇన్‌స్పెక్టర్ ఆగి ప్రశ్నిస్తారు. 9.4 అని రాసి, పక్కన సంతకం పెట్టి, చర్య గడి ఖాళీగా వదిలేయడం అంతకన్నా దారుణం: చూశారు, కానీ ఏమీ చేయలేదు. ఫ్రిజ్‌ను కిక్కిరిసేలా నింపడం, పెట్టెలను వెనక గోడకు ఆనించడం కూడా నివేదికలకెక్కే తప్పులే. అక్కడ గాలి తిరగదు, వెనక గోడ దగ్గర గడ్డకట్టవచ్చు.

పరిధి దాటినప్పుడు టీకాలను వెంటనే పారేయకూడదు. ‘వాడవద్దు’ అని చీటీ అంటించి, సరైన చల్లదనంలో పక్కన పెట్టి, తయారీదారునీ స్థానిక టీకాల బృందాన్నీ సంప్రదించాలి. మీరు ప్రాక్టీస్ మేనేజరును మూడు సంగతులు అడగండి: ఏ తేదీల్లో జరిగింది, గరిష్ఠం ఎంత, ఆ బ్యాచ్‌లు ఏవి. మీ రెడ్‌బుక్‌లో (పాప ఆరోగ్య వివరాల పుస్తకంలో) పాప టీకాల బ్యాచ్ నంబర్లు ఉంటాయి, సరిచూసుకోండి. మళ్లీ వేయించమని పిలిస్తే వెళ్లండి. అదనపు డోసు వల్ల సాధారణంగా హాని ఉండదు.

ప్ర: మా సర్జరీ ‘గుడ్’. కానీ పొద్దున 8కి ఫోన్ చేస్తే లైను దొరకదు, దొరికినా ‘రేపు చేయండి’ అంటారు. సీక్యూసీకి రాస్తే తీరుస్తారా?
– ఒక పాఠకుడు, హౌన్‌స్లో

జ: తీర్చరు. సీక్యూసీ ఒక్కొక్కరి ఫిర్యాదు పరిష్కరించదు. మీరు రాసింది వాళ్ల దగ్గర సమాచారంగా నిలుస్తుంది, తనిఖీ ఎప్పుడు చేయాలో తేల్చడానికి పనికొస్తుంది. అందుకైనా రాయండి. ‘గుడ్’ పక్కనున్న తేదీ కూడా చూడండి, అది ఏళ్లనాటిది కావచ్చు. ఏటా వచ్చే జీపీ పేషెంట్ సర్వేలో మీ సర్జరీ ఫోన్ సంగతి విడిగా ఉంటుంది.

‘రేపు చేయండి’ అని పంపేయడం 2023 నుంచి ఎన్‌హెచ్‌ఎస్‌తో సర్జరీలకున్న కాంట్రాక్టుకే విరుద్ధం. మొదటిసారి అడిగినప్పుడే మీ అవసరం అంచనా వేయాలి, లేదా ఎక్కడికి వెళ్లాలో చెప్పాలి. 2025 అక్టోబరు 1 నుంచి, అత్యవసరం కాని వాటికి ఆన్‌లైన్ ఫారం కూడా పనిదినాల్లో పొద్దున 8 నుంచి సాయంత్రం 6.30 దాకా తెరిచి ఉంచాలి.

ఫిర్యాదు సర్జరీకి గానీ, మీ ప్రాంత ఐసీబీకి (స్థానిక ఎన్‌హెచ్‌ఎస్ సేవలను చూసే ఇంటిగ్రేటెడ్ కేర్ బోర్డుకు) గానీ ఇవ్వండి. ఒకే విషయం రెండుచోట్లా ఇవ్వకండి. జరిగిన 12 నెలల్లోపు ఇవ్వాలి, అది అందినట్టు వాళ్లు 3 పనిదినాల్లో మీకు చెప్పాలి. ఫోన్ చేసిన తేదీ, టైం, విన్న మాట ఉన్నదున్నట్టు రాయండి. జవాబు నచ్చకపోతే తర్వాతి మెట్టు పార్లమెంటరీ అండ్ హెల్త్ సర్వీస్ అంబుడ్స్‌మన్, అంటే తీరని ఫిర్యాదులను స్వతంత్రంగా విచారించే సంస్థ. మొదటి జవాబు కాగితం వాళ్లకు కావాలి, దాచిపెట్టుకోండి.