పోయినవాణ్ని పొగడకు

చి. అమ్మాయికి,

ఆశీస్సులు. కథ అందింది, రెండుసార్లు చదివాను. నీ భాష బావుంది.

ఏడో పేజీ దగ్గర మాత్రం ఆగిపోయాను. మీ నాన్నగారి బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో తెల్లవారుజామున మెసేజ్ వస్తుంది: ‘మీ ఫ్రెండు రాత్రి పోయారు’ అని. వచ్చింది ఆ పోయినాయన నెంబరు నుంచే. పక్కనే నవ్వుతూ ఆయన ఫొటో. పంపింది ఆయన భార్య. అది చదివి కళ్లజోడు తీసి పక్కన పెట్టాను. నువ్వేమో దాన్ని రెండు వాక్యాల్లో దాటేసి, జీవితం నీటిబుడగ అంటూ పేజీన్నర రాశావు. చాలా కోపం వచ్చింది. ఆవిడ ఆ ఫోను ఎలా తెరిచింది? పాస్‌వర్డ్ ఆవిడకు తెలుసా? నాకు కావలసింది అది.

ఇక ఆ పోయినాయన. స్నేహితుల ఫీజులు కట్టాడు, ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదు. అలాంటివాడు ఏ కాలేజీలోనూ చదవలేదమ్మా. చచ్చినవాడి కళ్లు చారెడు అని మనవాళ్లు ఊరికే అన్నారా? చివర్లో అమెరికా కొడుకు వీడియో కాల్‌లో దహనం చూడటం కూడా పెట్టావు. ఇప్పుడు పోటీకి వచ్చే కథల్లో సగం ఇవే. మా రోజుల్లో కొసమెరుపు జబ్బు ఉండేది. ఒక వారపత్రిక సంపాదకుడు నా కథలో ముసలాయన మామూలుగా పోవడం చాలదని, దిండు కింద ఉత్తరం ఒకటి తనే దొరికించి, నా పేరుతోనే అచ్చేశాడు. ఆ సంచిక ఇప్పటికీ ఇంట్లో పెట్టుకోలేదు.

నేనూ ఈ తప్పు చేశాను, విను.

మాది బందరు, 1970లో డిగ్రీలో చేరిన బ్యాచ్. జై ఆంధ్ర ఉద్యమంలో కాలేజీలు నెలల తరబడి మూతపడ్డాయి. పరీక్షలు ఎప్పుడో తెలియక అందరం ఒకరి ఇంట్లో ఒకరం పడి ఉండేవాళ్లం. అందుకేనేమో మిగతా బ్యాచుల కంటే గట్టిగా అతుక్కుపోయాం. గ్రూపు ఫొటోలో 41 మందిమి. ఇప్పుడు 23 మంది లేరు. వాళ్లలో నాకు ప్రాణంలాంటివాడు 2021 మేలో కరోనాతో పోయాడు. చూడ్డానికి కూడా వెళ్లలేని రోజులు. వాడి గురించి ఒక పేజీ రాశాను: స్నేహశీలి, మృదుస్వభావి, తీరని లోటు.

వారం తర్వాత వాడి భార్య ఫోన్ చేసింది.

“అన్నయ్యగారూ, మీరు రాసింది ఎవరి గురించి?”

నాకు నోట మాట రాలేదు.

“ఆయన మృదుస్వభావా? ఇంట్లో చేపల పులుసు వాసన వస్తే కంచం విసిరేవారు. నలభై ఏళ్లు నేను పుట్టింట్లోనే చేప తిన్నాను. మీరు రాసినాయనతో నేను కాపురం చెయ్యలేదు.”

అప్పుడు చెప్పాను. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చాక, వాడూ నేనూ ఇంకొందరం శవాలు ఎత్తడానికి వెళ్లాం. ముక్కుకి గుడ్డలు కట్టుకుని, నీళ్లు ఇంకా తగ్గని పొలాల్లో దిగాం. మూడో రోజున ఒక తుమ్మచెట్టు కింద, మనుషులూ పశువులూ చేపలూ అన్నీ ఒకటే కుప్పగా ఉన్నచోట, వాడు ఒక పిల్లని ఎత్తాడు. ఆ రాత్రి నుంచి చేప ముట్టలేదు. నన్నూ ఎవరికీ చెప్పనివ్వలేదు.

అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత, “నా వంట నచ్చక అనుకున్నాను అన్నయ్యగారూ” అంది.

ఆవిడకి కంచం తెలుసు, నాకు చెట్టు తెలుసు. నా పేజీలో ఈ రెండూ లేవు. ఆ పేజీ నిండా ఎవరికైనా అతికించదగ్గ మాటలే. ఆ రోజు నుంచి పోయినవాళ్ల మీద ఏం రాయాలన్నా, ముందు వాళ్లతో ఎవరికి ఏం పేచీ ఉందో అడుగుతున్నాను. ఎక్కడో ఒక చోట అప్పు, అలక, దాచిన మాట బయటికొస్తుంది. మనిషి అక్కడ దొరుకుతున్నాడు.

కలం పేరు గురించీ పుస్తకం గురించీ అడిగావు. వాటి సంగతి ఇప్పుడొద్దు.

నీటిబుడగ పేజీన్నర కొట్టెయ్. అమెరికా కొడుకుని పంపించెయ్. కథని ఆ మెసేజ్‌తో మొదలుపెట్టు. ఈలోగా మీ నాన్నగారి దగ్గర కూర్చో. ఆ స్నేహితుడితో ఎప్పుడు మాటలు మానేశారో, ఎవరు ముందు పలకరించారో అడుగు. విసుక్కుంటారు. మర్నాడు మళ్లీ అడుగు. ఆయన బ్యాచ్‌లో ఆ సంగతి తెలిసినవాళ్లు ఇంకా ఎంతమంది ఉన్నారో కూడా కనుక్కుని నాకు రాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు