వేదిక మీద చిత్రకారుడితో మాట్లాడబోయే ముందు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఆ చిత్రకారుడితో వేదిక మీద గంటసేపు మాట్లాడమని నిన్ను పిలిచారని, అప్పటినుంచీ టెన్షన్‌గా ఉందని రాశావు. పంపిన ప్రశ్నలు కూడా చదివాను. అన్నీ తెలివైనవే. కానీ సగానికి పైగా ఆయన గురించి నీకెంత తెలుసో చెప్పేవి, ఆయన చేత ఏదైనా చెప్పించేవి తక్కువ. ఆ కాగితం పక్కన పెట్టి ముందు బొమ్మలు చూసిరా. ఒంటరిగా వెళ్లు, ఒకసారితో సరిపెట్టుకోకు. ఎక్కడ కాళ్లు ఆగాయో, ఏది అర్థం కాలేదో, ఏది విసుగు పుట్టించిందో రాసుకో. ప్రశ్నలు అక్కడ పుట్టాలి, ఆయన పాత ఇంటర్వ్యూల్లో కాదు.

మీకు స్ఫూర్తి ఎవరు, కళ అంటే ఏమిటి లాంటి వాటితో మొదలుపెట్టకు. వాటికి అరిగిపోయిన జవాబులు ప్రతి కళాకారుడి దగ్గరా సిద్ధంగా ఉంటాయి. పని ఎలా చేశారో అడుగు. డేవిడ్ సిల్వెస్టర్ అనే విమర్శకుడు 1962లో మొదలుపెట్టి ఏళ్ల తరబడి ఫ్రాన్సిస్ బేకన్ అనే చిత్రకారుడితో మాట్లాడాడు. ఆ సంభాషణల్లో నన్ను ఇప్పటికీ పట్టుకునేది ఒక మామూలు విషయం. బాగా తెలిసిన స్నేహితుల్ని కూడా ఎదురుగా కూర్చోబెట్టకుండా ఫొటోలు చూసి ఎందుకు గీస్తారన్నది. మనిషి ఎదురుగా ఉంటే తనకు స్వేచ్ఛ ఉండదని, బొమ్మలో వాళ్లకు చేసే గాయం వాళ్ల కళ్లముందే చెయ్యడం ఇష్టం లేదని బేకన్ చెప్పాడు. మీ బొమ్మల్లో ఇంత హింస ఎందుకని సూటిగా అడిగితే ఈ మాట వచ్చేదని నేననుకోను.

అర్థం చెప్పడానికి అసలు ఒప్పుకోని వాళ్లూ ఉంటారు. 1964లో రేడియోలో బ్రూస్ గ్లేజర్ అడుగుతుంటే, చూస్తున్నదేదో అదే, అంతకు మించి లేదని చిత్రకారుడు ఫ్రాంక్ స్టెల్లా తేల్చేశాడు. అక్కడితో మాట ముగిసిపోయిందనిపిస్తుంది. కానీ అదే సంభాషణలో, డబ్బాలో ఉన్నప్పుడు రంగు ఎంత బాగుంటుందో కాన్వాస్ మీదా అంత బాగుండేలా చూశానని అన్నాడు. అర్థం అడిగితే ముడుచుకుపోయే మనిషి రంగు గురించి అడిగితే విచ్చుకుంటాడు. నీ చిత్రకారుడూ అలాంటివాడైతే రంగు, బ్రష్షు, ఎక్కడ ఆపాలో ఎలా తెలుస్తుంది, ఏ బొమ్మ చెరిపేశారు, ఇవి అడుగు.

ఇంకో రకం మనిషి జ్ఞాపకం, అస్తిత్వం, విస్థాపన అంటూ ప్రదర్శనల కేటలాగు భాషలో ఏకబిగిన మాట్లాడేస్తాడు. తల ఊపి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోకు. తెర మీద ఒక బొమ్మ పెట్టించి, "మీరన్నది ఇందులో ఎక్కడ చూడమంటారు?" అని అడుగు. మర్యాదగానే, కానీ వదలకుండా. నా లెక్కలో సాయంత్రం మొత్తానికీ విలువైన ప్రశ్న అదే. ఆయన తడబడితే తడబడనీ. మౌనం వస్తే నువ్వు నింపకు. జనానికి అది ఇబ్బందిగా ఉంటుంది, నీకు ఇంకా ఎక్కువ ఉంటుంది, అయినా ఆగు. ఆలోచించి చెప్పే మాట ఆ తర్వాతే వస్తుంది.

ఇక నీ అసలు భయం. ఇంతకు ముందు ఆయన బొమ్మల మీద కటువుగా రాశావు కదా, ఆయనకది గుర్తే ఉంటుంది. ఎవరో లేవనెత్తేదాకా ఆగకుండా నువ్వే చెప్పు. చివర్లో చెబితే జవాబివ్వడానికి ఆయనకు టైముండదు, మొదట్లోనే చెబితే గంటంతా దానికే పోతుంది. సగం దాటాక, నువ్వు తప్పుపట్టిన బొమ్మ తెర మీద ఉండగా చెప్పు. మనిషి గురించి ఒక్క మాటా వద్దు. విస్లర్ అనే చిత్రకారుడు గీసిన, రాత్రివేళ బాణసంచా రవ్వలు రాలే బొమ్మ చూసి విమర్శకుడు రస్కిన్, జనం ముఖాన రంగు డబ్బా విసిరి 200 గినీలు అడుగుతున్నాడని రాశాడు. 1878లో అది పరువునష్టం కేసై కోర్టుకెక్కింది. విస్లర్ గెలిచాడు, చేతికొచ్చింది ఒక ఫార్తింగ్, అంటే పెన్నీలో నాలుగో వంతు. రస్కిన్ అంతటి చూపున్నవాడు ఆ బొమ్మలో ఏం లోపించిందో చెప్పి ఉంటే మనం నేటికీ చదువుకునేవాళ్లం. నువ్వు మాత్రం "కింది భాగంలో రంగు నాకు అలంకారంగానే మిగిలిపోయింది, ఎందుకంటే..." అని కారణంతో సహా చెప్పు. ఆయన జవాబు నచ్చితే నచ్చిందను, నచ్చకపోతే నా అభిప్రాయం మారలేదను. వేదిక మీద ఉన్నంతసేపూ పొగడ్తలతో సరిపెడితే వచ్చినవాళ్లకు నువ్వు అన్యాయం చేసినట్టే. ఆయన కేటలాగుకు ఎప్పుడైనా డబ్బు తీసుకుని వ్యాసం రాసి ఉంటే అదీ ముందే చెప్పెయ్యి.

ఆ కోర్టులోనే రెండు రోజుల పనికి అంత ధరా అని లాయరు అడిగితే, జీవితకాలం సంపాదించిన జ్ఞానానికి అడుగుతున్నానని విస్లర్ అన్నాడు. ప్రేక్షకుల్లోంచి ఈ ప్రశ్న నీకూ వస్తుంది. నవ్వి తోసెయ్యకు. శ్రమ గురించి నిజాయితీగా అడిగే ప్రశ్న అది, సరిగ్గా ఆయనకు అందించు. ప్రశ్నకు బదులు ఉపన్యాసం ఇచ్చేవాళ్లను మాత్రం మధ్యలో ఆపడానికి మొహమాటపడకు.

తెర మీద అరచేతంత బొమ్మా, గోడంత బొమ్మా ఒకే సైజులో కనిపిస్తాయి. ప్రతిసారీ కొలత చెప్పు. ప్రొజెక్టర్‌లో రంగులు ఎలా వస్తున్నాయో ముందురోజే చూసుకో. వీడియో ఉంటే దాని మీద మాట్లాడకుండా రెండు నిమిషాలు నడవనీ.

ముందుగా ఒకసారి ఆయన్ని కలువు, కానీ ముఖ్యమైన ప్రశ్నలు అప్పుడే అడిగెయ్యకు. రెండోసారి చెప్పే జవాబు చప్పగా ఉంటుంది. ఏ విషయాలు మాట్లాడరో కనుక్కుని ఒప్పుకో. ఈ సంభాషణను అచ్చు వేసే సంగతీ అప్పుడే తేల్చుకో. సిల్వెస్టర్ టేపుల్ని కత్తిరించి, వరస మార్చి అచ్చువేశాడు, ఆ సంగతి దాచలేదు. నువ్వూ భాష సరిచెయ్యి, ఆయనకు చూపించు. మీరిద్దరూ విభేదించిన చోటును తీసెయ్యమంటే మాత్రం ఒప్పుకోకు.

ఏ బొమ్మలు చూపించాలో తేల్చుకున్నాక వరసగా రాసి పంపు. మొదటిది ఏది పెట్టాలో ఇద్దరం కలిసి చూద్దాం.