తమ్ముడూ, జాబ్ పెండింగ్‌లో ఉంటే తప్పు నీది కాదు

"అక్కా, మా ప్రొఫెసర్ గారు యూనివర్సిటీ క్లస్టర్‌లో అకౌంట్ ఇప్పించారు. మూడు రోజులుగా నా జాబ్ పెండింగ్‌లోనే ఉంది. శుక్రవారం మీటింగ్‌లో రిజల్ట్ చూపించాలి. ఎవరినైనా అడిగితే ఈ మాత్రం కూడా రాదా అనుకుంటారేమోనని టెన్షన్‌గా ఉంది."

ఆగస్టులో అమెరికా వచ్చిన ఒక తమ్ముడు పంపిన మెసేజ్ ఇది. క్లస్టర్ అంటే చాలామంది పంచుకునే కంప్యూటర్ల గుంపు. జాబ్ అంటే ఉద్యోగం కాదు, దాని మీద నడపమని మనం పంపే పని. నేనిక్కడికి వచ్చి పదహారేళ్లయింది. పదేళ్లుగా ఒక యూనివర్సిటీ రీసెర్చ్ కంప్యూటింగ్ విభాగంలో పనిచేస్తున్నాను. క్లస్టర్ హెల్ప్‌డెస్క్‌కి మీరు రాసే మెయిల్ చదివేది నాలాంటివాళ్లే. ప్రతి సెమిస్టర్‌లోనూ మన పిల్లల నుంచి ఇదే ప్రశ్న వస్తోంది కాబట్టి అందరికీ ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను.

ముందు భయం వదిలెయ్. క్లస్టర్‌లో వందల మంది జాబ్‌లు వరుసలో ఉంటాయి. ఎవరిది ఎప్పుడు నడవాలో స్లర్మ్ అనే షెడ్యూలర్ చూసుకుంటుంది. ఎస్‌క్యూ (squeue) కమాండ్ కొట్టి చివరి కాలమ్ చూడు. అక్కడ 'ప్రయారిటీ' అని ఉంటే నీకంటే ముందు వేరేవాళ్లున్నారు. 'రిసోర్సెస్' అని ఉంటే నీ వంతు దగ్గరికి వచ్చింది కానీ, నువ్వు అడిగినంత ఇంకా ఖాళీ కాలేదు. రెండూ తప్పులు కావు.

తమ్ముడి స్క్రిప్ట్, అంటే జాబ్‌కు ఏమేం కావాలో రాసే ఫైల్, తెప్పించుకుని చూశాను. 32 కోర్లు (ప్రాసెసర్‌లో విడివిడిగా లెక్కలు చేసే భాగాలు), 128 జీబీ మెమరీ, 72 గంటలు అడిగాడు. ఇంత ఎందుకని అడిగితే, "ల్యాబ్‌లో సీనియర్ ఇచ్చిన స్క్రిప్ట్ అక్కా, అలాగే పెట్టేశాను" అన్నాడు. అంతకుముందు వారం ఇదే స్క్రిప్ట్‌తో అయిపోయిన జాబ్ నంబర్ తీసుకుని జాబ్ నిజంగా ఎంత వాడిందో చూపించే సెఫ్ (seff) అనే కమాండ్ కొట్టించాను. సీపీయూ వాడకం 3 శాతం. మెమరీ 6 జీబీ. పట్టిన సమయం 2 గంటల 40 నిమిషాలు. అతని పైథాన్ కోడ్ ఒక్క కోర్ మీదే నడుస్తుంది. మిగతా 31 కోర్లు ఊరికే కూర్చున్నాయి.

మన పెళ్లి భోజనాలు గుర్తు తెచ్చుకో. ముప్పై రెండు మందిమీ ఒకే బంతిలో పక్కపక్కనే కూర్చుంటాం అంటే అన్ని ఆకులూ ఒకేసారి ఖాళీ అయ్యేదాకా నిలబడాలి. ఒక్కడే వెళ్లి, త్వరగా తిని లేస్తానంటే మధ్యలో ఖాళీగా ఉన్న చోట కూర్చోబెడతారు. స్లర్మ్ కూడా అంతే. పెద్ద జాబ్ కోసం నోడ్లు, అంటే క్లస్టర్‌లోని కంప్యూటర్లు, పోగవుతుండగా, ఆలోపు అయిపోయే చిన్న జాబ్‌లను ఆ సందులో నడిపేస్తుంది. దాన్ని బ్యాక్‌ఫిల్ అంటారు. నువ్వు 72 గంటలు అని రాస్తే ఆ సందులో పట్టవు.

పైగా వాడకుండా వదిలేసిన కోర్లు కూడా చాలా చోట్ల నీ ఖాతాలోనే, మీ ల్యాబ్ ఖాతాలోనే పడతాయి. ఫెయిర్‌షేర్, అంటే ఇప్పటిదాకా వాడినదాన్ని బట్టి మీకు దక్కే ప్రాధాన్యం, తగ్గి, పక్క సీట్లో కూర్చున్నవాళ్ల జాబ్ కూడా వెనక్కి పోతుంది.

తమ్ముడు 1 కోర్, 8 జీబీ, 4 గంటలు అని మార్చి మళ్లీ సబ్మిట్ చేశాడు. ఇరవై నిమిషాల్లో మొదలైంది. సమయం మరీ బిగించి కూడా రాయొద్దు. గడువు దాటితే జాబ్‌ను మధ్యలోనే ఆపేస్తుంది. ఇలాంటివి వంద నడపాలంటే అన్నిటినీ ఒకే స్క్రిప్ట్‌తో పంపే అర్రే జాబ్ పెట్టు, ఒక్కసారికి పది మాత్రమే నడిచేలా హద్దు కూడా పెట్టొచ్చు. నిజంగా ఎక్కువ కోర్లు వాడే కోడ్ అయితే 1, 2, 4, 8 కోర్లతో చిన్న పరీక్ష పెట్టి సమయాలు రాసుకో. ఎక్కడ తగ్గడం ఆగిపోతే అక్కడ ఆగు. కోడ్‌లో పదో వంతు ఒకదాని తర్వాత ఒకటిగా జరగాల్సిన పనే అయితే, ఎన్ని వేల కోర్లు ఇచ్చినా పది రెట్లకు మించి వేగం రాదు. కంప్యూటర్ ఇంజనీర్ జీన్ ఆమ్‌డాల్ 1967లోనే చెప్పిన లెక్క ఇది.

లాగిన్ అవగానే మనం చేరే కంప్యూటర్, లాగిన్ నోడ్, దాని మీద పెద్ద ప్రోగ్రామ్ నడపకు. అది అందరూ వచ్చిపోయే వాకిలి. ఫైల్ దిద్దుకోవడానికి, జాబ్ పంపడానికి మాత్రమే.

ఇక స్క్రాచ్ సంగతి. అంటే జాబ్‌ల ఫైళ్లు తాత్కాలికంగా పెట్టుకునే చోటు. ఇది చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ మనసు బాధపడుతుంది. చదువుకునే రోజుల్లో నేను నాలుగు నెలల సిమ్యులేషన్ ఫైళ్లు స్క్రాచ్‌లోనే ఉంచేసి సెలవులకు ఇంటికి వెళ్లాను. తిరిగొచ్చి చూస్తే డైరెక్టరీ పేర్లున్నాయి, లోపల ఫైళ్లు లేవు. తాకని ఫైళ్లను కొన్ని వారాల తర్వాత తుడిచేస్తామని నిబంధనల్లో స్పష్టంగా ఉంది. నేను చదవలేదు. స్క్రాచ్‌కు సాధారణంగా బ్యాకప్ ఉండదు. ఎన్ని రోజులకు తుడుస్తారో ఈ రోజే మీ క్లస్టర్ నిబంధనల్లో చూడు. ఫలితం రాగానే ల్యాబ్ స్టోరేజీకి కాపీ చేసుకో.

అన్నిటికంటే ముఖ్యం మొహమాటం. మూడు రోజులు ఒక్కడివే కుమిలిపోయే బదులు మూడు లైన్ల మెయిల్ రాస్తే సరిపోయేది. జాబ్ నంబర్, స్క్రిప్ట్ ఎక్కడుందో, ఏ ఎర్రర్ వచ్చిందో, నువ్వు ఏం ప్రయత్నించావో రాయి. "నాట్ వర్కింగ్, ప్లీజ్ హెల్ప్" అని మాత్రం రాస్తే మేం మళ్లీ ఇవన్నీ అడగాలి, నీకే ఒక రోజు పోతుంది. మేము మీ ప్రొఫెసర్‌కు ఫిర్యాదు చేయడానికి కూర్చోలేదు. అడిగినవాళ్లను తక్కువగా చూసినట్టు ఈ పదేళ్లలో నాకు గుర్తు లేదు. అకౌంట్ పాస్‌వర్డ్ మాత్రం ఎంత స్నేహితుడైనా ఇవ్వొద్దు. అకౌంట్ ఆగిపోతుంది.

మీ యూనివర్సిటీ క్లస్టర్ చాలకపోతే యాక్సెస్ (ACCESS) అనే అమెరికా జాతీయ కార్యక్రమం ఉంది. 2022లో ఎక్స్‌సీడ్ అనే పాత కార్యక్రమం స్థానంలో వచ్చింది. పర్డ్యూ యూనివర్సిటీలోని ఆన్విల్ లాంటి యంత్రాలు దాని ద్వారా దొరుకుతాయి. అందులో అన్నిటికంటే చిన్నదైన ఎక్స్‌ప్లోర్ స్థాయికి గ్రాడ్యుయేట్ విద్యార్థి కూడా తన ప్రొఫెసర్ రాసిన లేఖ జతచేసి అడగొచ్చు.

తమ్ముడు బుధవారం రాత్రి గ్రాఫ్ పంపించాడు. ఆ సీనియర్‌కు కూడా సెఫ్ చూపించమని చెప్పాను. ఆ అమ్మాయికి ఆ స్క్రిప్ట్ ఇంకెవరో ఇచ్చారట.