ఏజెన్సీలో కొత్తగా చేరిన ఏఎన్‌ఎం అమ్మాయికి

చిరంజీవి దుర్గకు ఆశీస్సులు.

పాడేరు ఏజెన్సీలో సబ్‌సెంటర్ (ఆరోగ్య ఉపకేంద్రం) ఇచ్చారట, సంతోషం. చేరగానే రిజిస్టర్ల కట్ట ఒకటి, ట్యాబ్ ఒకటి నీ చేతిలో పెడతారు. వాటికంటే ముందు సొంతంగా ఓ నోటుపుస్తకం కొనుక్కో. మైదానంలో సబ్‌సెంటర్‌కు 5,000 జనాభా, కొండల్లో 3,000 అని లెక్క. కాగితం మీద నీకు పని తక్కువే. కానీ ఆ మూడు వేల మందీ ఒక్కచోట ఉండరు. మందులూ టీకాలూ పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) దాకా బాగానే వస్తాయి. పని చెడేది రోడ్డు ఆగిపోయిన తర్వాతే.

అందుకే నోటుపుస్తకంలో గూడేనికో పేజీ పెట్టు. ఆటో ఎక్కడిదాకా వస్తుంది, అక్కడి నుంచి నడక ఎన్ని గంటలు, దారిలో గెడ్డ (కొండవాగు) ఉందా, అది వానల్లో ఎన్నాళ్లు దాటనివ్వదు, ఫోన్ సిగ్నల్ ఏ గట్టు మీద దొరుకుతుంది, వాళ్లు ఏ సంతకు దిగుతారు, ఇంట్లో మాట్లాడేది కువియా, ఆదివాసీ ఒడియానా, ఇవన్నీ రాసుకో. ఆశా కార్యకర్తను పక్కన కూర్చోబెట్టుకుంటే ఇది ఒక పూట పని.

ఇక గర్భిణుల సంగతి. అన్నిటికంటే ఎక్కువ బుర్ర పెట్టాల్సింది ఇక్కడే. చివరి నెలసరి మొదటి రోజుకు 9 నెలల 7 రోజులు కలిపితే కాన్పు తేదీ వస్తుందని నీకు నేర్పే ఉంటారు. ఆ నెలసరి తేదీ ఇక్కడ చాలామంది చెప్పలేరు. తారీఖు అడిగితే ఏదో ఒకటి చెప్పేస్తారు, నువ్వు రాసేస్తావు, నెలన్నర తేడా వస్తుంది. తారీఖు అడగకు. ఇక్కడి ఆదివాసీల ఇటుకల పండగకు ముందా తర్వాతా, సంక్రాంతికి నెలసరితో బయట ఉన్నావా, కాఫీ పళ్లు కోస్తున్నప్పుడా, ఏ సంత తర్వాత అని అడుగు. అప్పటికీ తేలకపోతే వెంటనే స్కానింగుకు పంపు. మొదటి మూడు నెలల్లో తీసిన స్కానింగు చెప్పే తేదీయే నమ్మదగింది. నెలలు పెరిగేకొద్దీ అది కూడా అటూ ఇటూ అవుతుంది.

తేదీ తేలాక క్యాలెండరు ముందు పెట్టుకో. నవంబరు 10న చివరి నెలసరి అయినామెకు ఆగస్టు 17న కాన్పు, అంటే నడివానల్లో. నవంబరు, డిసెంబరుల్లో నెల తప్పినవాళ్లను మూడో నెలలోపే నమోదు చేస్తే, గెడ్డలు పొంగే రోజుల్లో ఎవరెవరు కంటారో మార్చికల్లా నీ చేతిలో జాబితా ఉంటుంది. వాళ్లను కాన్పుకు రెండు వారాల ముందే దించి గర్భిణుల వసతి గృహంలోనో, రోడ్డు పక్క ఊళ్లో చుట్టాలింట్లోనో ఉంచాలి. నొప్పులు మొదలయ్యాక డోలీ కట్టి గెడ్డ దాటించడం ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు.

రానంటారు. మొండితనం అనుకోకు. ఇంట్లో ఇంకో చంటిబిడ్డ ఉంటుంది, మేకలుంటాయి, పోడులో కలుపు పని ఉంటుంది. కాబట్టి నచ్చజెప్పాల్సింది ఆమెకు కాదు, అత్తకూ మొగుడికీ. పెద్దబిడ్డను వెంట తెచ్చుకోవచ్చా, తోడొచ్చిన మనిషికి భోజనం పెడతారా అన్నవి ముందే కనుక్కుని వెళ్లు. ఈ రెండిటికీ జవాబు లేకుండా వెళితే ఎన్ని మాటలు చెప్పినా దండగే.

రామంటే రామన్న ఇళ్లకు డోలీ మనుషుల్ని ముందే మాట్లాడిపెట్టు. నలుగురు చాలరు, మార్చుకోవడానికి మరో నలుగురు కావాలి. 108కి ఫోన్ చేసేటప్పుడు గూడెం పేరు చెప్పి ఊరుకుంటే బండి ఎక్కడికి రావాలో వాళ్లకు తెలియదు. రోడ్డు ఆగిన చోటు పేరు, దగ్గర్లోని బడో చర్చో గుర్తు చెప్పు. డోలీ బయల్దేరేటప్పుడే ఒకణ్ణి సిగ్నల్ గట్టు మీదికి పంపి ఫోన్ చేయించు. రోడ్డెక్కాక చేస్తే బండి వచ్చేదాకా ఆమె అక్కడే పడి ఉంటుంది.

రక్తం తక్కువగా ఉండటం ఇక్కడ మామూలైపోయింది. హిమోగ్లోబిన్ చూసేటప్పుడు వేలు పిండొద్దు. పిండితే రక్తంతో పాటు నీరొచ్చి అంకె తప్పుగా పడుతుంది. మొదటి చుక్క తుడిచేసి రెండోది తీసుకో. స్ట్రిప్పుల డబ్బా మూత తీసి ఉంచితే తేమ తగిలి పాడవుతాయి. నాలుగో నెల నుంచి రోజుకో ఎర్రమాత్ర (ఐరన్ మాత్ర), 180 రోజులు. హిమోగ్లోబిన్ 7 నుంచి 10.9 గ్రాములు ఉంటే రోజుకు రెండు. 7 కంటే తగ్గితే మాత్రలతో కాలక్షేపం చెయ్యక ఆసుపత్రికి పంపు. క్యాల్షియం, ఐరన్ కలిపి మింగితే ఐరన్ ఒంటికి పట్టదు. క్యాల్షియం పగలు, ఐరన్ రాత్రి అన్నం తిన్నాక అని చెప్పు. విరేచనం నల్లగా అవుతుందని ముందే చెప్పకపోతే మూడో రోజున మాత్రలు చూరులో దోపేస్తారు. తరచూ కీళ్లనొప్పులు, కామెర్లు వచ్చే పిల్లలకు సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్తజబ్బు) పరీక్ష చేయించకుండా ఐరన్ మొదలుపెట్టకు.

టీకాలు బుధ, శనివారాలు. టీకాలు మోసుకెళ్లే క్యారియర్ పెట్టెలో నాలుగు ఐస్‌ప్యాకులు పెడతారు. ఫ్రీజర్‌లోంచి తీసినవి తీసినట్టే సర్దితే పెంటావాలెంట్ (ఐదు జబ్బుల టీకా), టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా టీకా) గడ్డకట్టి పనికిరాకుండా పోతాయి. పైకేమీ తెలియదు, నువ్వు పొడుస్తూనే ఉంటావు, బిడ్డకు రక్షణ మాత్రం రాదు. ప్యాకు పైన చెమట పట్టాలి, ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినపడాలి. అప్పుడే సర్దు. జనం ఎండ ఒక్కటే శత్రువనుకుంటారు గానీ కొండల్లో చలి కూడా అంతే చెరుపు చేస్తుంది. పొడిలో ద్రవం కలిపిన బీసీజీ (క్షయ టీకా), ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) వయళ్ల మీద, అంటే మందు సీసాల మీద, కలిపిన టైము రాయి. 4 గంటలు దాటితే ఎంత మిగిలినా పారెయ్యాలి. ఆ వయల్లో పెరిగే సూక్ష్మజీవులు బిడ్డ ప్రాణం తీయగలవు. కలిపే ద్రవం కూడా ముందురోజు నుంచీ చల్లగా ఉండాలి.

ఇక్కడే ఇంకో తప్పు జరుగుతుంటుంది. ఎంఆర్ వయల్లో ఐదు డోసులుంటాయి కదా, ఒక్కబిడ్డ కోసం ఎందుకు తెరవడం, ఇంకో నలుగురు వచ్చాక వేద్దాం అంటారు. నాలుగు గంటలు నడిచి వచ్చిన తల్లి మళ్లీ రాదు. ఒక్కబిడ్డ ఉన్నా తెరువు. మిగిలిన డోసులు వృథా అయ్యాయని ఎవరైనా అడిగితే నిబంధన అదేనని నిలబడి చెప్పు.

జ్వరానికి, ఏ జ్వరమైనా సరే, ముందు మలేరియా కిట్టు. కవరు వాడే నిమిషంలోనే చింపు, కిట్టు మీద రాసిన టైము ప్రకారమే గీతలు చదువు. పీఎఫ్ (ఫాల్సిపారం మలేరియా) వస్తే వయసును బట్టి రంగుల మందు ప్యాకెట్లు. పదిహేనేళ్లు దాటినవాళ్లకు తెల్లది. మొదటి డోసు నీ కళ్లముందే మింగించు. అరగంటలోపు కక్కితే మళ్లీ ఇవ్వు. పీఎఫ్ తగ్గాక కూడా కిట్టులో గీత కొన్ని వారాలు కనిపిస్తుంది. దాన్ని చూసి మళ్లీ మందు పెట్టకు, గాజుపలక మీద రక్తపు స్లయిడు తీయి.

వైవాక్స్ అనే రెండో రకం మలేరియాతో చిక్కు వేరు. మూడు రోజుల క్లోరోక్విన్‌తో జ్వరం పోతుంది గానీ కాలేయంలో దాగిన క్రిమి పోదు. దానికి ప్రైమాక్విన్ 14 రోజులు పడాలి. నాలుగో రోజుకు మనిషి పొలంలో ఉంటాడు, మాత్రలు ఇంట్లో ఉంటాయి. కొన్నాళ్లకు జ్వరం తిరగబెడుతుంది, నువ్వు కొత్త కేసుగా రాసుకుంటావు. పద్నాలుగూ ఒకేసారి చేతికివ్వకు. ఆశా దగ్గర ఉంచి సంతరోజున ఖాళీ రేకు చూపిస్తేనే తర్వాతివి ఇమ్మను. గర్భిణికీ, ఏడాదిలోపు బిడ్డకూ ప్రైమాక్విన్ వద్దు. మూత్రం నల్లకాఫీలా వస్తే వెంటనే ఆపి పీహెచ్‌సీకి పంపు. జ్వరంలో ఫిట్స్ వచ్చినా, మత్తుగా ఉన్నా, నీళ్లు కూడా తాగలేకపోతున్నా, కళ్లు పచ్చబడినా అక్కడ వైద్యం మొదలుపెట్టకు, దించెయ్.

దోమలమందు కొట్టించేవాళ్లు వచ్చే ముందు ఆ ఊళ్లో పండగ ఎప్పుడో అడుగు. పండగకు గోడలు మట్టితో అలుకుతారు. వారం క్రితం కొట్టిన మందంతా ఆ మట్టి కిందికి పోతుంది. అలికాక కొట్టించు.

నీళ్ల విషయంలో బ్లీచింగ్‌ను గుప్పెళ్ల లెక్కన వేసేస్తుంటారు. 1,000 లీటర్లకు రెండున్నర గ్రాములు చాలు. బావి 2 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల నీరు ఉంటే సుమారు 9,400 లీటర్లు, అంటే 24 గ్రాములు. బకెట్‌లో కలిపి, సున్నం అడుక్కి దిగాక పై తేట మాత్రమే రాత్రిపూట బావిలో పొయ్యి. మూతి విప్పి ఉంచిన బస్తా బ్లీచింగ్‌లో బలం ఉండదు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఒక గ్లాసులో కలపడం చాలా ఇళ్లలో చూస్తావు. లీటరు నీళ్ల సీసా చూపించి కలపడం నేర్పు. విరేచనాలు ఆగినా జింకు 14 రోజులూ ఇవ్వాలి.

మంత్రం వేసే గురువు దగ్గరికి వెళ్లొద్దని పోట్లాడకు, మంత్రసానిని తిట్టకు. పిల్లకు జ్వరమొస్తే మంత్రం ముందా రక్తపరీక్ష ముందా అన్నదొక్కటే వాళ్లతో తేల్చుకో.

ట్యాబ్‌లో సిగ్నల్ లేకపోతే ముందు కాగితం మీద రాసుకుని, కిందికి దిగాక ఎక్కించు. యాప్ కోసం తల్లిని ఎండలో నిలబెట్టొద్దు.

జూన్ రాకముందే ఇండెంటు (సరుకు కావాలనే పత్రం) పెట్టి రోడ్డు లేని గూడేల ఆశాలందరి దగ్గరా మూడు నెలలకు సరిపడా సరుకు ఉంచు. మలేరియా కిట్లు, పీఎఫ్ ప్యాకెట్లు, ఓఆర్‌ఎస్, జింకు, పారాసిటమాల్, ఎర్రమాత్రలు, కాన్పు కిట్లు. టీకా వికటిస్తే వాడే అడ్రినలిన్ నీ సంచిలో ఉంటుంది, దాని గడువు తేదీ కూడా ఆ రోజే చూసుకో.

ఇట్లు,
నీ పెద్దమ్మ