గుంటల షెడ్‌లో కంప్యూటర్ పెట్టబోతున్న అమ్మలూకి

అమ్మలూ,

ఇందుకూరుపేట రొయ్యల గుంటల దగ్గర షెడ్‌లో రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ పెట్టి, నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో ఫోన్లో చూస్తానన్నావంట. మీ నాన్న ఆ మాట ఎంత గొప్పగా చెప్పుకున్నాడో! నాకూ సంతోషమే. కాకపోతే రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. ఇన్నేళ్లు నెల్లూరులో కంప్యూటర్లు, కేబుళ్లు బాగుచేసి బతికినవాణ్ణి. ఎవరేం కొత్తది పెడతామన్నా అది ఎక్కడ చెడుతుందో అదే ముందు కళ్లకి కడుతుంది.

ఆ పైకి ఫిక్స్‌డ్ ఐపీ, అంటే నెట్‌వర్క్‌లో మారకుండా ఉండే నంబర్, ఇవ్వడం పెద్ద పనేం కాదు. కమాండ్లు టైప్ చేసే టెర్మినల్‌లో sudo nmtui అని కొట్టు, మెనూ వస్తుంది. ఐపీవీ4ని మాన్యువల్ చేసి అడ్రస్, గేట్‌వే (అంటే రూటర్ నంబర్), డీఎన్ఎస్ (సైట్ల పేర్లకి నంబర్లు వెతికే సర్వర్) నింపు. అడ్రస్ చివర /24 మరవొద్దు, నెట్‌వర్క్ వరస ఎంతదో చెప్పేది అదే. పాత వీడియోలు చూసి డీహెచ్‌సీపీసీడీ అనే పాత సెట్టింగుల ఫైల్లో రాస్తూ కూర్చోకు. 2023 అక్టోబరులో వచ్చిన రాస్‌బెర్రీ పై ఓఎస్ నుంచి నెట్‌వర్క్ మేనేజర్ అనే ప్రోగ్రామే ఆ పని చూసుకుంటోంది.

అసలు తంటా నంబర్ ఎంచుకోవడంలో ఉంది.

బుచ్చిరెడ్డిపాలెం వైపు ఒక రైస్ మిల్లులో కాటా గది ప్రింటర్‌కి ఒక కుర్రాడు 192.168.1.50 అని కట్టి వెళ్లాడు. వైఫైకి తగిలే ప్రతి ఫోన్‌కీ రూటర్ తనంతట తాను పంచే నంబర్లలో ఆ 50 కూడా ఉంది. ఆ సంగతి అతను చూడలేదు. నెలల తరబడి ఏ గొడవా రాలేదు. మిల్లులో ఉన్నవే పదీ పరక ఫోన్లు. కోతలు మొదలయ్యాక లారీ డ్రైవర్లు, హమాలీలు, బ్రోకర్లు అందరూ వచ్చారు. గుమాస్తా వైఫై పాస్‌వర్డ్ గోడ మీదే రాసిపెట్టాడు మహానుభావుడు! రాత్రి ప్రింటర్ ఆపేసి ఉన్నప్పుడు, 50 ఖాళీగా ఉందనుకుని రూటర్ దాన్ని ఎవరి ఫోన్‌కో ఇచ్చేసింది. తెల్లారి ప్రింటర్ ఆన్ చేస్తే ఒక స్లిప్పు వస్తుంది, తర్వాతిది రాదు. నేను వెళ్లేసరికే కేబుల్ మార్చారు, స్విచ్ మార్చారు, డ్రైవర్ మళ్లీ వేశారు. లారీలు రోడ్డు దాకా నిలబడ్డాయి. ధాన్యం తెచ్చిన రైతులు మిల్లు వాళ్లని వదిలేసి నన్ను తిడుతున్నారు. ప్రింటర్ వెనకాల కేబుల్ పీకేసి, 50కి పింగ్ కొట్టాను, అంటే ఉన్నావా అని నెట్‌వర్క్‌లో పిలిచాను. జవాబు వస్తోంది! పీకేసిన మిషన్ జవాబు ఎలా ఇస్తుంది? ఏ నంబర్ ఏ మిషన్ దగ్గరుందో చూపే ఏఆర్‌పీ టేబుల్ తీస్తే, 50కి ఎదురుగా ఉన్న మ్యాక్ అడ్రస్ (మిషన్‌ని గుర్తుపట్టే నంబర్), ప్రింటర్ స్టిక్కర్ మీదున్నదీ ఒకటి కావు. రూటర్ పంచే వరసని 100 నుంచి 200 దాకా కుదించాను, ఆ ఫోన్ వైఫై ఆపించాను, స్లిప్పులు మొదలయ్యాయి.

అక్కడ ఆగింది స్లిప్పులు. మీ గుంటల దగ్గర కరెంటు పోయి పై ఆగిపోయినప్పుడు, పట్టుబడి రోజు కూలీల ఫోన్లలో ఒకటి దాని నంబర్ తీసుకుందనుకో. కరెంటు వచ్చాక రెండూ కొట్టుకుంటాయి. నువ్వు చూడలేకపోవడం ఒకటే కాదు, అది పంపాల్సిన అలారం కూడా దారిలో తప్పిపోతుంది. తెల్లవారుజామునే కదా ఆక్సిజన్ బాగా పడిపోయేది.

అందుకని రూటర్లోనే రాస్‌బెర్రీ పై మ్యాక్ అడ్రస్‌కి ఒక నంబర్ రిజర్వ్ చెయ్యి, పైని ఆటోమేటిక్‌లో వదిలెయ్యి. నాకు ఇదే ఇష్టం. పిడుగు పడి రూటర్ కాలిపోయి, కొత్తది 192.168.0 వరసతో వచ్చినా పై దానికదే సర్దుకుంటుంది. రిజర్వేషన్ మాత్రం మళ్లీ రాయాలి. లేదు, పైలోనే కడతానని పట్టుబడితే, రూటర్ పంచే వరసకి బయట నంబర్ తీసుకో. వైఫైకి ఒక మ్యాక్, కేబుల్‌కి ఇంకో మ్యాక్ ఉంటాయి, ఏది వాడుతున్నావో అదే రాయి.

ఈ నంబర్ షెడ్ లోపలికే. బెంగళూరు నుంచి 192.168 అని కొడితే రాదు. 4జీ సిమ్‌కి చాలాసార్లు 100.64తో మొదలయ్యే వరసలో, కంపెనీ లోపల మాత్రమే పనిచేసే అడ్రస్ వస్తుంది, బయటికి కనిపించే అడ్రస్ నలుగురికీ కలిపి ఒకటే. బయటి నుంచి చూడాలంటే, ఇంటర్నెట్‌లో ఉన్న ఒక సర్వర్ మీదుగా వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ (తాళం వేసిన సొంత దారి లాంటిది) పెట్టుకో. రూటర్లో పోర్టులు, అంటే బయటివాళ్లు లోపలికొచ్చే తలుపులు, తెరిచి పెట్టావో, నేనే వచ్చి మూసేస్తాను.

ఇంకో భయం ఉంది, నవ్వుకున్నా సరే. ఫోన్ మోగలేదు కాబట్టి గుంట బాగుందని మీ నాన్న పడుకుంటాడు. పై చచ్చిపోయినా ఫోన్ మోగదు. కాబట్టి గంటకోసారి బాగున్నానని అది మెసేజ్ పంపాలి, రాకపోతే అలారం కొట్టే ఏర్పాటు షెడ్ బయట ఎక్కడైనా ఉండాలి. అదయ్యేదాకా రాత్రిపూట టార్చి పట్టుకుని గట్టు మీదికి వెళ్లడం మానొద్దని మీ నాన్నకి చెప్పు. నువ్వు మాత్రం తడి కాళ్లతో, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ స్టార్టర్ దగ్గరికి వెళ్లకు. త్రీ ఫేజ్ అది. చిన్నప్పుడు టీవీ వెనకాల చెయ్యి పెట్టినదానివి, నీ సంగతి నాకు తెలుసు.

ఆదివారం వచ్చేటప్పుడు రూటర్ అడుగున ఉన్న స్టిక్కర్ ఫోటో తీసుకురా. పాస్‌వర్డ్ మీ నాన్నని అడక్కు, ఆయనకి గుర్తుండదు.

మీ పెదనాన్న