గోల్ఫ్ మానేయాలా అని అడిగిన తండ్రికి

విశాఖపట్నం నుంచి 71 ఏళ్ల విశ్రాంత ఇంజనీరు ఒకరు ఉత్తరం రాశారు. ఒకప్పుడు 14 ఉన్న తన గోల్ఫ్ హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయిని బట్టి ఇచ్చే అదనపు స్ట్రోకుల, అంటే దెబ్బల, లెక్క; అది పెరిగితే ఆట తగ్గినట్టు) 21కి చేరిందనీ, ఇకనైనా గుంతకు దగ్గరగా ఉండే ముందువైపు టీ (బంతిని మొదట కొట్టే చోటు) నుంచి ఆడమని తోటివారు అంటున్నారనీ, అలా ఆడటం కంటే ఆట మానేయడమే మర్యాద కాదా అనీ ఆయన ప్రశ్న.

అయ్యా,

ఆ ముందువైపు టీ నుంచే ఆడండి. ఏ టీ నుంచి ఆడితే ఆ టీకి ఉన్న కష్టపు రేటింగును బట్టే మీకు స్ట్రోకులు లెక్కగడతారు కనుక ఇందులో మీరు అన్యాయంగా పొందేదీ లేదు, మీ పరువు పోయేదీ లేదు. అమెరికన్ గోల్ఫర్ టామ్ వాట్సన్ 2009లో, 59 ఏళ్ల వయసులో, బ్రిటిష్ ఓపెన్‌లో విజేతను తేల్చే ప్లేఆఫ్ దాకా వెళ్లాడని మీరు గుర్తు చేశారు. నిజమే, కానీ మీరు అప్పటి ఆయన కంటే పన్నెండేళ్లు పెద్దవారు, పైగా అది ఆయన వృత్తి. ఈ విషయం ఇంతటితో వదిలేద్దాం.

నన్ను ఆపింది మీ ఉత్తరం చివర, దాటవేస్తున్నట్టు రాసిన నాలుగు వాక్యాలు. మీ అబ్బాయి ఉద్యోగం వదిలి, మీకు మాట మాత్రమైనా చెప్పకుండా కేటరింగ్ వ్యాపారం పెట్టి నష్టపోయాడు. మీరు ప్లాటు అమ్మి ఆ అప్పు తీర్చారు. ఇప్పుడతను మళ్లీ ఉద్యోగం చేసుకుంటూ నెలనెలా తల్లి ఖాతాలో కొంత సొమ్ము వేస్తుంటే, మీరు దాన్ని ముట్టనంటున్నారు. కంటి శుక్లాల ఆపరేషన్ తరువాత మిమ్మల్ని గోల్ఫ్ కోర్సుకు (ఆడే మైదానానికి) దిగబెడతానని అతను తెల్లవారుజామున కారు తెస్తే, మీరు అతని ఎదుటే ఆటో ఎక్కి వెళ్లారు. ఆదివారం కోడలు మనవణ్ణి తీసుకొచ్చే వేళకు మీరు ఎప్పుడూ కోర్సులోనే ఉంటారు. ఇది తెలిశాక, మీరు ఆట మానడానికి ఎందుకింత జంకుతున్నారో నాకు అర్థమైంది. ఆట లేకపోతే ఆదివారం ఇంట్లో ఉండాలి.

చెప్పకుండా వ్యాపారం పెట్టడం అతని తప్పే, అందులో నాకు రెండో అభిప్రాయం లేదు. కానీ మీరు ఇంతగా నమ్మే ఆట నియమాలే ఒకసారి చూడండి. 2020లో వచ్చిన ప్రపంచ హ్యాండిక్యాప్ విధానం ఒక మనిషి చివరి 20 రౌండ్లలో మెరుగైన 8 మాత్రమే తీసుకుని సగటు కడుతుంది, మిగతా 12ను పక్కన పెడుతుంది. ఒక హోల్‌లో (ఒక గుంత వరకు సాగే ఆటలో) ఎంత ఘోరంగా ఆడినా, ఒక హద్దు దాటాక ఆ స్ట్రోకులు హ్యాండిక్యాప్ లెక్కలోకి రావు. మీ తడబాట్లకు ఈ దయను ఇన్నాళ్లుగా పుచ్చుకుంటున్న మీరు, కన్నకొడుకు విషయంలో ఆ ఒక్క చెడ్డ హోల్‌నే పట్టుకుని కూర్చున్నారు. అతను మంచిగా గడుపుతున్న ఈ నెలలను ఏ స్కోరు కార్డు మీదా రాయడం లేదు.

క్షమాపణ అతనే ముందు అడగాలని మీ స్నేహితులు అన్నారట. నెలనెలా పడే ఆ సొమ్ము క్షమాపణ కాక మరేమిటి? మగపిల్లలు తండ్రి ముందు నోరు తెరిచి చెప్పలేనిది ఇలాగే చెబుతారని, మీరూ ఒకప్పుడు కొడుకుగా ఉన్నవారు కనుక, నేను వివరించనక్కరలేదు. మీ ఇద్దరి మధ్యా కబుర్లు మోయడమే పనిగా మీ భార్య ఈ వయసులో నలిగిపోతున్నారు. ఆ బరువు ఆమె మీద పెట్టడం నాకు ఏమాత్రం నచ్చలేదు.

ఈ శనివారం రాత్రి మీరే, ఆమె చేత చేయించకుండా, అబ్బాయికి ఫోన్ చేసి, “రేపు పొద్దున నన్ను కోర్సుకు దిగబెడతావా?” అని అడగండి. దారిలో ప్లాటు ఊసు ఎత్తకండి. పిల్లవాణ్ణి కూడా తీసుకురమ్మని చెప్పి, క్లబ్బువారు అనుమతిస్తే పటింగ్ గ్రీన్ (బంతిని గుంతలోకి నెట్టడం సాధన చేసే పచ్చిక) మీద కాసేపు వాడి చేతికి పటర్ (అందుకు వాడే కర్ర) ఇవ్వండి. తొమ్మిది హోల్స్‌తో సరిపెట్టి, భోజనం వేళకు అందరితో ఇంట్లో ఉండండి. అతను మొదటిసారి ఏదో పని ఉందని తప్పించుకుంటే నొచ్చుకోకుండా మరుసటి వారం మళ్లీ అడగండి. ఇక అతను వేసే సొమ్మును మనవడి పేరు మీద పోస్టాఫీసులో జమ చేయించండి, అయితే అది మీకు అందిందని అబ్బాయికి మీ నోటితోనే చెప్పండి.